జవాబు ఇవ్వని రక్తం

1974 జనవరిలో నన్ను ఆరు నెలల పని మీద గోదావరిఖని పంపించారు. హోదా జూనియర్ రీసెర్చ్ ఆఫీసర్, చదువు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, వయసు ఇరవై ఆరు. హైదరాబాదులోని మా ప్రొఫెసర్ గారికీ బొగ్గుబావుల దవాఖానకూ మధ్య కుదిరిన ఏర్పాటు అది. దవాఖాన వెనుక వరండా చివర ఒక గది ఇచ్చారు. అందులో ఒక సెంట్రిఫ్యూజ్, ఒక పాత ఫ్రిజ్, నేను వరిగడ్డిలో చుట్టి రైల్లో రామగుండం దాకా కళ్లలో పెట్టుకుని తెచ్చుకున్న, ద్రవాల మెరుపు కొలిచే ఫ్లోరిమీటర్ ఉండేవి. మాది మంథని. ఇంటికి ఇంత దగ్గరలో ఉద్యోగమని మా అమ్మ సంతోషించింది. బొగ్గు పొగలో ఆడపిల్లకేం పని అని మా నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు గానీ, రైలు దిగేసరికి స్టేషన్‌లో రెండెడ్ల బండి మాట్లాడి ఆయనే నిలబడి ఉన్నాడు.

బావుల్లో మూడు షిఫ్టులు. ఒక వారం పొద్దున్నే దిగిన మనిషి మరో వారం రాత్రి దిగుతాడు. నిద్ర ఇలా తలకిందులైనప్పుడు ఒంట్లోని గ్రంథులు కూడా దారి తప్పుతాయా అన్నది మా ప్రొఫెసర్ గారి ప్రశ్న. దాన్ని అడగడానికి మా చేతిలో ఉన్న పనిముట్టు ఒక హార్మోన్, అదీ కృత్రిమంగా తయారైనది.

దాని గురించి కొంచెం చెప్పాలి. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అది రక్తంలోకి వదిలే హార్మోన్ వెళ్లి మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులను తట్టి లేపుతుంది. అవి లేచి కార్టిసాల్ అనే మరో హార్మోన్‌ను వదులుతాయి. జ్వరాన్నీ దెబ్బనూ ఆకలినీ మనిషి తట్టుకునేది ఆ కార్టిసాల్ బలంతోనే. తట్టి లేపే హార్మోన్ ముప్పైతొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు. పూర్వం దాన్ని పందుల గ్రంథుల నుంచి తీసేవారు; కొందరికి అది పడేది కాదు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి. మా రోజులకు రసాయనశాలలో ఒక్కొక్క పూసా గుచ్చి గొలుసు కట్టడం వచ్చేసింది. మొదటి ఇరవైనాలుగు పూసలుంటే చాలు, గ్రంథి లేస్తుందని కూడా తెలిసింది. ఆ ఇరవైనాలుగు పూసల గొలుసు తెల్లటి పొడిగా చిన్న గాజు ఆంప్యూల్‌లో వచ్చేది. ఏ జంతువూ ఎరగని హార్మోన్ అది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తూ నేను చాలాసేపు పని మరిచిపోయేదాన్ని. ఆ వయసులో నాకు మనుషులకంటే అణువులే ముద్దుగా ఉండేవి, దాచడమెందుకు.

పద్ధతి ఇది. పొద్దున ఏడున్నరకు మోచేతి నరం నుంచి కొంచెం రక్తం తీస్తాను. కాంపౌండర్ యాదగిరి ఆ హార్మోన్‌ను కండలోకి సూదితో ఎక్కిస్తాడు. సరిగ్గా అరగంటకు మళ్లీ రక్తం. గ్రంథి బాగుంటే రెండో రక్తంలో కార్టిసాల్ ఇంచుమించు రెట్టింపు కావాలి. ప్రతి మనిషికీ ఈ పరీక్ష రెండుసార్లు, ఒకసారి ఫస్టు షిఫ్టు వారంలో, ఇంకోసారి నైట్ షిఫ్టు వారంలో. ఎవరికి వారే పోలిక. మొదటిసారి వచ్చేవాళ్లకు ఆ పూట బావిలో దిగకపోయినా మస్టర్, అంటే హాజరు, పడేలా కంపెనీ ఒప్పుకుంది. వాళ్లు స్నానం చేసి, నూనె రాసి దువ్వుకుని, ఉతికిన అంగీలతో వచ్చేవారు. రెండోసారి వచ్చేవాళ్లు రాత్రంతా పనిచేసి పైకెక్కి, నిలువెల్లా మసితో నేరుగా వచ్చేవారు.

సూదికీ రెండో రక్తానికీ మధ్య ఉన్న ఆ అరగంట ఇప్పటికీ నా కళ్లలో ఉంది. చలికాలం. గోదావరి మీది నుంచి మంచు వచ్చి, కార్మికుల ఇళ్ల ముందు రగిలే బొగ్గు కుంపట్ల పొగతో కలిసేది. వరండా ముందున్న వేపచెట్టు ఉన్నట్టే ఉండి కనిపించకుండా పోయేది. బల్ల మీద కూర్చున్నవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయేవారు. దూరంగా ఎక్కడో తాడు మీద బొగ్గు టబ్బులు కదిలే చప్పుడు. నేను చేతి గడియారం చూస్తూ కూర్చుంటే, లోకమంతా ఆ పొడి మందు ఏం చెబుతుందా అని ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది.

తరువాత గదిలో కిటికీలకు నల్లగుడ్డ కట్టి పని. రక్తంలో పైకి తేలిన ప్లాస్మాను ద్రావకంతో కలిపి ఊపి, అందులోకి దిగిన కార్టిసాల్‌ను ఆమ్లంలో కలపాలి. అప్పుడది లేత గడ్డిరంగులో మెరవడం మొదలుపెడుతుంది. నిమిషం నిమిషానికీ ఆ మెరుపు పెరుగుతుంది కాబట్టి ప్రతి గొట్టాన్నీ కలిపిన పదమూడో నిమిషానే మీటరులో చూడాలి. ఆ చీకట్లో స్టాప్‌వాచ్ పట్టుకుని, ముల్లు కుడివైపు జరుగుతుంటే, లోపలి గ్రంథి లేచి 'ఉన్నా' అంటున్నట్టే ఉండేది.

రాజయ్య పేరుతో మొదటి పరీక్ష జనవరి చివర జరిగింది. బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపే పని అతనిది. మొదటి రక్తం సరే, రెండోది అందరిలాగే రెట్టింపు. ఫిబ్రవరి నడుమ నైట్ షిఫ్టు వారంలో అదే పేరు, అదే టోకెన్ నంబరు మళ్లీ వచ్చాయి. ఆ పొద్దు బల్ల మీద ఆరుగురు, అందరూ ఒకే నలుపు. రక్తం తీశాక మేము బిస్కట్లు ఇచ్చేవాళ్లం. ఒకతను మాత్రం చెయ్యి ముడుచుకున్నాడు.

"బిస్కట్లు ఒద్దమ్మా. గింత ఉప్పుంటే ఇయ్యిండ్రి."

బావిలో చెమట పట్టినవాళ్లకు ఉప్పు మీద మనసు పోవడం మామూలేనని యాదగిరి వంటగది నుంచి చిటికెడు తెచ్చిచ్చాడు. అతను దాన్ని అరచేతిలో వేసుకుని, పిల్లలు చక్కెర నాకినట్టు నాకాడు. అరచేతి గీతల్లో గాఢమైన నలుపు ఉంది. బొగ్గు అనుకున్నాను. మొహం చూశానా అంటే, చూడలేదు. ఆ నెలన్నరలో నేను మొహాలు చూసిందే లేదు, మోచేతి మడతలే చూశాను.

ఆ మధ్యాహ్నం రాజయ్య రెండో గొట్టం పదమూడో నిమిషానికి కూడా మెరవలేదు. ముల్లు మొదటి రక్తం దగ్గర ఎక్కడుందో అక్కడే ఉంది, ఆ మొదటిది కూడా తక్కువే. మళ్లీ చేశాను, అదే. గ్రంథి తట్టినా లేవలేదన్నమాట. అలాంటి మనిషి నడుస్తాడు, తిరుగుతాడు, కానీ ఒక్క జ్వరమొచ్చినా, ఒక దెబ్బ తగిలినా తట్టుకునే బలం ఉండదు, గంటల్లో పోతాడు. కార్టిసాల్‌కు బదులు పనిచేసే కార్టిజోన్ మాత్ర రోజూ పడితే మాత్రం ముసలివాడయ్యేదాకా బతకవచ్చు. ఈ రెంటికీ మధ్య తేడా ఒక మాత్ర, అంతే.

ముందు నా మీదే నాకు అనుమానం వచ్చింది. మందు వచ్చిన మంచు పెట్టెలో మంచు కరిగి ఆంప్యూల్ చెడిందేమో. దవాఖాన మెడికల్ ఆఫీసర్ గారు పక్కన నిలబడగా, అదే పెట్టెలోని ఆంప్యూల్ యాదగిరి చేత నాకే వేయించుకున్నాను. అరగంట వరండాలో కూర్చుని పొగమంచు చూశాను. నా గ్రంథి బ్రహ్మాండంగా జవాబు చెప్పింది. మందులో లోపం లేదు. అందుకని బావికి చీటీ పంపి ఆ టోకెన్ మనిషిని రప్పించాను. రాజయ్య శుభ్రంగా తలదువ్వుకుని వచ్చాడు. విశాలమైన ఛాతీ, నిబ్బరమైన నడక. అతని రక్తం రెట్టింపుకన్నా ఎక్కువే మెరిసింది.

జరిగింది రాసి పంపితే ప్రొఫెసర్ గారి నుంచి కార్డు వచ్చింది. ఒకే మనిషి గ్రంథి ఈ వారం చచ్చి వచ్చే వారం బతకదనీ, తప్పు నా చేతిలోనే ఉందనీ, ఆ అంకె కొట్టేసి ముందుకు పొమ్మనీ సారాంశం. కొట్టేయడం తేలికే. కాగితం మీద ఒక గీత గీస్తే చాలు. కానీ ఆ గొట్టంలో ఉన్నది ఎవరో ఒకరి రక్తమే కదా.

నా సోమరితనం ఇక్కడ పనికొచ్చింది. ప్లాస్మా తీసేశాక మిగిలిన ఎర్రకణాలను ఏ రోజుకారోజు పారేయాలి. నేను రెండు వారాలకోసారి పారేసేదాన్ని. ఆ మెరవని రక్తం తాలూకు గొట్టం ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. దాని పక్కనే రాజయ్యది కొత్తది. గాజు పలక మీద రెండింటి నుంచీ చుక్కలు పెట్టి, గ్రూపు చూసే సీరం కలిపి, పలకను మెల్లగా ఊపాను. కొత్త రక్తం ఎందులోనూ అతుక్కోలేదు, ఓ గ్రూపు. పాత రక్తం నా కళ్ల ముందే ఒకవైపు గింజలు గింజలుగా అతుక్కుపోయింది, బి గ్రూపు. బయట మూడు గంటల సైరన్ మోగింది. రాజయ్య అన్న పేరుతో ఇద్దరు మనుషులు ఆ గది గడప తొక్కారు.

రాజయ్యను మళ్లీ పిలిపించాను, ఈసారి చీటీలో కారణం రాయలేదు. యాదగిరిని బయటికి పంపి తలుపు దగ్గరగా వేసి, ఆ రోజు మసితో వచ్చింది ఎవరని అడిగాను.

"నేనేనమ్మా," అన్నాడు.

పలక చూపించాను. రక్తం అబద్ధమాడదని చెప్పలేదు. అతనికి అది చెప్పి ప్రయోజనం లేదు. అతనెవరో గానీ ఒంట్లో ఒక గ్రంథి చచ్చిపోయిందని, ఈ ఎండాకాలం దాటడని, మందుంటే దాటుతాడని మాత్రం చెప్పాను. రాజయ్య మూసిన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"రాసిండ్రా అమ్మా?"

"ఇంకా ఎక్కడా రాయలేదు."

"మా తమ్ముడమ్మా. లింగయ్య."

తరువాత ఆగకుండా చెప్పాడు. మస్టర్‌లో ఒక్కటే పేరు, దాని మీద రెండు సంసారాలు. కమాన్‌పూర్ దగ్గర అన్నదమ్ములకు కొంచెం పొలం. "పొలం కాడ పని వడ్డప్పుడు నేను పోత, వాడు బాయిల దిగుతడు. బాయిలకు పోయినంక అందరం నల్లగనే ఉంటం, ఎవలు ఎవలో ఎవలికెరుక?" బావి కింద పనిచేసేవాళ్లకు తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయని కూడా అన్నాడు. ఏడాదిగా లింగయ్యకు పానం బాగుండటం లేదు. తిన్నది ఇమడదు, లేస్తే కళ్లు తిరుగుతాయి. నాలుగు తట్టలెత్తి కూలబడితే మిగతావాళ్లు అతని వంతు నింపుతున్నారు. ఊళ్లో గాలి సోకిందని మంత్రం వేయించారు. ఇప్పుడు రెండు రోజులుగా వాంతులతో గుడిసెలో పడుకునే ఉన్నాడు.

రెండు రోజులుగా వాంతులు. ఆ గ్రంథి లేనివాళ్లు పోయే తీరు అదే. ఇవాళే తీసుకురమ్మన్నాను.

"ఏ పేరు మీద తేవాలమ్మా?" అన్నాడు రాజయ్య.

అతన్ని వరండాలో ఉండమని మెడికల్ ఆఫీసర్ గారి గదికి వెళ్లాను. ఆయన పట్టుదల మనిషి, కానీ కఠినుడు కాడు. పేర్లు చెప్పకుండా, ఎవరో ఒకతని సంగతిగా చెప్పాను. మస్టర్‌లో ఉన్న మనిషికీ, అతని పెళ్లాం పిల్లలకూ, తల్లిదండ్రులకూ తప్ప బయటివాళ్లకు జీవితాంతం మందు రాసే అధికారం తనకు లేదన్నారు. అన్నదమ్ములు ఆ లెక్కలో రారు. ఒక్క రోజుకైతే ఎవరికైనా సెలైన్ పెట్టగలరు, కానీ ఈ జబ్బు ఒక్క రోజుది కాదు. చివరికి, రిజిస్టర్‌లో ఉన్న మనిషిని తీసుకొస్తే తాను రిజిస్టర్‌నే చూస్తానని, అంతకుమించి అడగనని అన్నారు. అది సలహానో హెచ్చరికో అప్పుడు నాకు తెలియలేదు. వరండాలో నిలబడ్డ రాజయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని, పొగలోకి నడిచి వెళ్లిపోయాడు.

గంటన్నర తరువాత రిక్షా వచ్చింది. లింగయ్యకు స్నానం చేయించి, రాజయ్య మొదటి పరీక్ష రోజున తొడుక్కున్న ఉతికిన అంగీ వేసి తెచ్చారు. అది అతని ఒంటి మీద వేలాడుతోంది. మొట్టమొదటిసారి అతని మొహం చూశాను. నీళ్లు పోసి రుద్దినా నలుపు పోలేదు. పెదవుల లోపల, చిగుళ్ల మీద, అరచేతి గీతల్లో పొగచూరిన నలుపు. అది బొగ్గు కాదు. జవాబు చెప్పని గ్రంథిని లేపాలని మెదడు కింది గ్రంథి హార్మోన్‌ను పొంగిపొర్లిస్తే చర్మానికి పట్టే రంగు అది. ఆ రంగు గురించీ ఉప్పు మీది ఆశ గురించీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ అంతా ఉంటుంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అయినా పరీక్ష రోజున నా ముందు చెయ్యి చాపి కూర్చున్న మనిషి మీద దాన్ని చదవలేకపోయాను.

ఓపీ గుమాస్తా రిజిస్టర్ తెరిచాడు. రోగి పేరేమిటని అడిగాడు.

"రాజయ్య," అన్నాడు రాజయ్య. టోకెన్ తీసి బల్ల మీద పెట్టాడు.

తోడొచ్చినవాళ్లెవరని గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"లింగయ్య. తమ్ముణ్ని."

గుమాస్తా రాసుకున్నాడు. చూపించిన చోట పెద్దవాడు వేలిముద్ర వేసి, తలకు వేలు తుడుచుకుని, బల్ల మీద వాలిపోయి ఉన్న తమ్ముడి దగ్గరికి వచ్చాడు. చంకల కింద చేతులు పెట్టి, గుమాస్తాకు వినబడేంత గట్టిగా అన్నాడు.

"అన్నా, లే. జల్ది లే. సూది ఏస్తరట."

లింగయ్య కళ్లు తెరిచి అన్న వైపు చూశాడు. ఆ చేతుల మీద ఆనుకుని లేచాడు. నాకు దుఃఖం ఆగలేదు. నా గదికి వెళ్లి, నల్లగుడ్డ కట్టిన కిటికీల మధ్య చీకట్లో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఆ సాయంత్రం సెలైన్, దాంతో పాటు హైడ్రోకార్టిజోన్ ఇంజక్షన్. మర్నాటికి కడుపులో గంజి నిలిచింది. మూడు రోజులకు గోడ పట్టుకోకుండా నడిచాడు. నేను చేసిన పరీక్షను మెడికల్ ఆఫీసర్ గారు ఇంకో పద్ధతిలో మూడు రోజులు వరుసగా చేయించి ఖాయం చేశారు. ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ కనిపించింది. గ్రంథులను తిన్నది అదే. క్షయ మందులు, రోజూ కార్టిజోన్ మాత్రలు, ఇక బావిలోకి దిగకుండా పైన దీపాల గదిలో తేలిక పని. అన్నీ రాజయ్య పేరు మీదే రాశారు. అసలు రాజయ్య కమాన్‌పూర్ వెళ్లిపోయాడు. బావి పని పోయింది, పేరు పోయింది. ఊరివాళ్లకు అతనెవరో తెలుసు గనుక వాళ్లు పాత పేరుతోనే పిలిచి ఉంటారు. కాగితాల మీద మాత్రం తన తమ్ముడికి తమ్ముడై బతికాడు. నేను జూన్‌లో గోదావరిఖని వదిలి వచ్చేటప్పటికి దీపాల గదిలో ఉన్నతను కొంచెం ఒళ్లు చేశాడు, చేతుల నలుపు విరుగుతోంది. పలకరిస్తే నవ్వాడు. తన పేరు రాజయ్య అని చెప్పాల్సిన అవసరం అతనికి నేను రానివ్వలేదు.

నేను చేసింది నిబంధనల ప్రకారం తప్పే. ఒప్పుకుంటాను. ప్రొఫెసర్ గారికి, ఆ పేరు మీది నమూనాలు ఒకే వ్యక్తివని రూఢి చేయలేకపోయానని రాసి, అంతటితో ఆపాను. ఇంకా అలాంటి ఇళ్లున్నాయన్న మాట గుర్తుండి, మిగిలినవాళ్లందరి రక్తం గ్రూపులూ రెండు విడతలవీ, దాచి ఉంచిన ప్లాస్మాలతో పోల్చి చూశాను. పోలిక కుదరనివి పక్కన పెట్టాను. అచ్చయిన వ్యాసంలో కొందరి నమూనాలను లెక్కలోకి తీసుకోలేదన్న ఒక వాక్యం ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ తరువాత ముప్పై ఏళ్లు హార్మోన్ పరీక్షలు చేశాను, చేయించాను. ఇంకా శుద్ధమైన మందులు, ఇంకా సూక్ష్మమైన మీటర్లు వచ్చాయి. గోదావరిఖని నేర్పింది ఒక్కటే, అది పని పద్ధతికి సంబంధించింది. ఒకే మనిషిని రెండుసార్లు పరీక్షించామని రాసే ముందు అతను ఒకడేనని చూసుకోవాలి. నా కింద చేరిన ప్రతివారికీ వరుస ఇలా చెప్పేదాన్ని: ముందు మొహం చూడండి, తరువాత రక్తం గ్రూపు చూడండి, చివర పేరు రాసుకోండి. పేరు చివరికెందుకని అడిగినవాళ్లకు, మొదటి రెండూ ఒకరు ఇంకొకరికి ఇవ్వలేనివని చెప్పేదాన్ని.